గోదాము కప్పు మీది వాన: మకొండే పీఠభూమిలో ఒక ఊరి నీళ్ళ ట్యాంకు

మొదటి సమావేశంలోనే పని చిక్కుపడింది.

2022 చివర్లో టాంజానియా దక్షిణ కొసన, మ్ట్వారా రీజియన్‌లో, మకొండే పీఠభూమి మీది ఒక ఊరికి వెళ్ళాను. గ్రామ ప్రణాళికలో నీళ్ళ పనులు ఎలా పెట్టుకోవాలో చూడటం నా బాధ్యత. మామిడి చెట్టు కింద యాభై అరవై మంది కూర్చున్నారు. నేను నోరు తెరవక ముందే వెనక నుంచి ఒక పెద్దాయన లేచి, “ఈ ఏడాది కిలో ఎంతకు కొంటున్నావు, మ్వానంగు?” అని అడిగాడు. మ్వానంగు అంటే ‘నా బిడ్డా’ అని. “కొనడానికి రాలేదు బాబూ, నీళ్ళ గురించి మాట్లాడటానికి వచ్చాను” అన్నాను. అక్కడ తాతను ‘బాబు’ అంటారు. ఆయన తల అడ్డంగా ఊపి కూర్చున్నాడు. ఆ పీఠభూమి మీద భారతీయుడంటే జీడిపిక్కలు కొనేవాడు. వేరే పని మీద వచ్చానంటే నమ్మకం కుదరదు.

ఆయన అనుమానంలో తప్పేమీ లేదు. మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. పలాస ఫ్యాక్టరీలకు మన తోటల పిక్క ఏడాది పొడవునా చాలదు. ఆఫ్రికా నుంచి వచ్చే పిక్క తోడైతేనే యూనిట్లు నడుస్తాయి. ‘టాంజానియా పిక్క’ అన్న మాట చిన్నప్పటి నుంచి వింటూ పెరిగాను. ఆ పిక్క ఏరే మనిషికి తాగడానికి నీళ్ళు ఎక్కడి నుంచి వస్తాయో మా దగ్గర ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు.

ఆ ఊళ్ళో మూడు సీజన్ల పాటు ఒక నీళ్ళ ట్యాంకు కోసం చేసిన పని గురించి ఇక్కడ రాస్తున్నాను. ట్యాంకు చిన్నదే. కానీ అది లేవడానికి ఆ జిల్లా నేల, పంట, పాలన మూడూ అర్థం కావలసి వచ్చింది. అన్నిటికంటే ముఖ్యంగా, ఆ మూడింటి క్యాలెండర్లు ఒకదానితో ఒకటి కలవవని తెలియవలసి వచ్చింది. ఊరి పేరు, కౌన్సిల్ పేరు రాయడం లేదు. పీఠభూమి మీద నెవాలా జిల్లాలో పట్టణానికి ఒక కౌన్సిల్, పల్లెలకు ఒక కౌన్సిల్ ఉన్నాయి. 1995లో నెవాలా నుంచి విడిపోయిన తండహింబా జిల్లాకు ఇంకొకటి. మా ఊరు ఈ మూడింటిలో ఒకదాని కింద ఉంది.

వాన ఉంది, నీళ్ళు లేవు

నెవాలా పట్టణం అంచున ‘షిమొ లా ముంగు’ అనే చోటు ఉంది. దేవుడి గొయ్యి అని అర్థం. అక్కడ నిలబడితే నేల ఒక్కసారిగా తెగి, చాలా లోతున లోయ పరుచుకుని కనిపిస్తుంది. దక్షిణాన రువుమా నది, దాని అవతల మొజాంబిక్. హిందూ మహాసముద్రం తీరం నుంచి పడమరకు మెల్లగా ఎత్తు పెరుగుతూ వచ్చిన పీఠభూమి ఇక్కడ గోడలా ఆగిపోతుంది.

వాన తక్కువ ప్రాంతం కాదిది. నవంబరు చివరో డిసెంబరులోనో మొదలై ఏప్రిల్, మే దాకా ఒకే వానాకాలం, సుమారు వెయ్యి మిల్లీమీటర్లు కురుస్తుంది. మన అనంతపురం వానకు దాదాపు రెట్టింపు. కానీ నేల ఇసుక, దాని కింద ఇసుకరాయి. పడ్డ నీరు పడ్డట్టే లోపలికి ఇంకిపోతుంది. పైన వాగు లేదు, చెరువు నిలవదు. ఆ నీరు ఎక్కడో లోతుకు దిగి, పీఠభూమి అంచుల కింద ఊటగా బయటపడుతుంది. అంటే నీళ్ళు కింద, మనుషులు పైన. పూర్వం బానిసల కోసం దాడులు జరిగే రోజుల్లో పైనున్న దట్టమైన పొదలే మకొండే వాళ్ళకు రక్షణ. అలా పైనే ఊళ్ళు స్థిరపడ్డాయి. ఆడవాళ్ళు లోయకు దిగి, నెత్తిన నీళ్ళు పెట్టుకుని మళ్ళీ ఎక్కడం తరాలుగా సాగింది.

లోయ నీటిని పంపులతో పైకి ఎక్కించే ప్రయత్నం బ్రిటిష్ కాలంలో, 1950లలోనే మొదలైంది. 1970ల నుంచి ఫిన్లాండ్ ప్రభుత్వ సాయంతో మ్ట్వారా, లిండి ప్రాంతాల్లో నీటి పథకాలు నడిచాయి. మకొండే పథకానికి నీళ్ళిచ్చే బోర్లు మిటెమా దగ్గర లోయలో ఉన్నాయి. 2018లో భారత ఎగ్జిమ్ బ్యాంకు ద్వారా ఒప్పందమైన 50 కోట్ల డాలర్ల రుణంతో చేపట్టిన ‘28 పట్టణాల నీటి పథకం’లో మకొండే కూడా ఉంది. ఆ పథకం పనుల్లో హైదరాబాద్ కంపెనీ కూడా ఉందని తెలిసినప్పుడు నాకు నిజంగా సంతోషం వేసింది. పైపు మంచిదే, కావలసిందే. కానీ ప్రతి లీటరునూ వందల మీటర్లు ఎత్తాలి. కరెంటు పోయినా, పంపు చెడినా, పైపు చివరన ఉన్న ఊరికి మొదట ఆగిపోతాయి. మా ఊరు చివరన ఉంది. జులై నుంచి నవంబరు దాకా 20 లీటర్ల పసుపు డబ్బా సైకిల్ మీదో మోటారు సైకిల్ మీదో వస్తుంది, డబ్బు పెట్టి కొనుక్కోవాలి.

కొరోషో

స్వాహిలీలో జీడిపిక్కను కొరోషో అంటారు. చెట్టు మనకూ వాళ్ళకూ ఒకే దారిన వచ్చింది: బ్రెజిల్ నుంచి పోర్చుగీసు ఓడల్లో, 16వ శతాబ్దంలో. పీఠభూమి మీద ఇంటి చుట్టూ కర్రపెండలం వేస్తారు. అదే తిండి. మధ్యలో కంది, కొంత నువ్వు. డబ్బు మాత్రం కొరోషోదే. పెళ్ళి, రేకుల ఇల్లు, పిల్లల ఫీజు, మగపిల్లలకు జాండో, ఆడపిల్లలకు ఉన్యాగో అనే పెద్దమనిషి వేడుకలు, అన్నీ “కొరోషో డబ్బు వచ్చాక” జరగాలి.

కంది గురించి ఒక మాట. 2017 ఆగస్టులో భారత ప్రభుత్వం కందుల దిగుమతికి పరిమితి పెట్టింది. మనకు ఆ ఏడు దేశంలోనే పంట బాగా పండింది కాబట్టి అది ఒక చిన్న వార్త. ఇక్కడ ఆ ఒక్క నిర్ణయంతో కంది ధర కుప్పకూలింది. ఐదేళ్ళ తర్వాత కూడా ఆ ఊళ్ళో ఒకావిడ నన్ను అడిగింది, మీ వాళ్ళు కంది తినడం మానేశారా అని. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికి చాలాసేపు పట్టింది.

కొరోషో చరిత్ర తెలియకుండా అక్కడి పాలన అర్థం కాదు. 1973-74లో టాంజానియా దాదాపు 1,45,000 టన్నుల పిక్క పండించింది. 1980ల మధ్యకు అది 20,000 టన్నుల లోపుకు పడిపోయింది. 1970లలో ఉజమా కార్యక్రమం కింద చెదురుగా ఉన్న ఇళ్ళను కొత్త గ్రామాలకు తరలించారు. చెట్లు ఒకచోట, మనుషులు ఒకచోట అయ్యారు. కలుపు తీసేవాడు లేక తోటలు అడవి పట్టాయి. ఆ దశాబ్దం చివర బూడిద తెగులు వచ్చి పూతను మాడ్చేసింది. అదే కాలంలో రెండు స్థానిక సంస్థలను రద్దు చేశారు: 1972లో జిల్లా కౌన్సిళ్ళు, 1976లో సహకార సంఘాలు. రెండింటికీ మళ్ళీ చట్టాలు వచ్చింది 1982లో. తెగులు, తరలింపు, రద్దు అన్నీ కలిసి వచ్చిన ఆ పదేళ్ళ గురించి ముసలివాళ్ళు ఇప్పటికీ మాట్లాడతారు. ఫ్యాక్టరీల సంగతి మరీ బాధ కలిగిస్తుంది. విదేశీ రుణాలతో కట్టిన జీడి ఫ్యాక్టరీలు నెవాలాలోనూ ఉన్నాయి. అవి పూర్తి సామర్థ్యంతో ఎప్పుడూ నడవలేదు. పిక్క పిక్కలాగే ఓడ ఎక్కుతుంది, పప్పు మీద వచ్చే కూలి మన పలాసలోనో కొల్లంలోనో వియత్నాంలోనో పంచుతారు.

మ్ట్వారా దగ్గర నలియెండెలే పరిశోధన కేంద్రం గంధకం పొడి చల్లే పద్ధతినీ, కొత్త రకం మొక్కలనూ రైతులకు అందించాక తోటలు మళ్ళీ లేచాయి. 2017-18లో దేశం మొత్తం పంట 3,00,000 టన్నులు దాటింది. జూన్ నుంచి ఆగస్టు దాకా తెల్లవారుజామున మోటారు బ్లోయర్లతో గంధకం చల్లుతారు. ఊరంతా పసుపు పొగ కమ్ముతుంది. ఈ గంధకం సంగతి గుర్తుంచుకోండి, ట్యాంకు దగ్గర మళ్ళీ వస్తుంది.

అమ్మకం ఇలా ఉంటుంది. రైతు పిక్కను ఎండబెట్టి ఊరి ప్రాథమిక సహకార సంఘానికి, అంటే ఆమ్‌కోస్‌కు తెస్తాడు. తూకం వేసి రసీదు ఇస్తారు. అక్కడి నుంచి లైసెన్సు ఉన్న పెద్ద గోదాముకు వెళ్తుంది. నెవాలా, తండహింబా సంఘాల యూనియన్ తనేకు వేలం పెడుతుంది. కొనుగోలుదారులు రాసిన ధరలను రైతుల ముందే చదివేవారు. నచ్చకపోతే రైతులు వద్దనవచ్చు. 2007-08లో మొదలైన ఈ గోదాము రసీదు పద్ధతిని ‘స్తకబధి ఘలాని’ అంటారు. 2024 సీజన్ నుంచి వేలం సరుకు మార్కెట్ ఆన్‌లైన్ పద్ధతిలోకి మారింది. పిక్క నాణ్యత కొలిచే లెక్క మనకు తెలిసినదే: 80 కిలోల బస్తాకు ఎన్ని పౌండ్ల పప్పు దిగుతుంది అని. మొదటి రోజు ఆమ్‌కోస్ గుమాస్తా ఆ లెక్క చెబుతుంటే, నేను మా ఇంట్లోనే ఉన్నట్టనిపించింది.

ఈ పద్ధతికి పక్కన ‘కంగొంబా’ ఉంది. ఆకలి నెలల్లో చేతిలో డబ్బు లేనివాడి దగ్గర పంట రాకముందే తక్కువ ధరకు పిక్క మాట్లాడుకోవడం. ఇది చట్టవిరుద్ధం. అయినా జులైలో పిల్లాడికి జ్వరం వస్తే అక్టోబరు వేలం దాకా ఆగడం ఎవరికీ సాధ్యం కాదు. మన దళారి వడ్డీ సంగతి తెలిసిన వాళ్ళకు దీన్ని వివరించనక్కర్లేదు.

సెరికాలి

స్వాహిలీలో ప్రభుత్వాన్ని ‘సెరికాలి’ అంటారు, కౌన్సిలర్‌ను ‘దివానీ’ అంటారు. మన సర్కారు, దివాణం ఏ పారశీకం నుంచి వచ్చాయో అవీ అక్కడి నుంచే వచ్చాయి. మాటలు దగ్గరివైనా వ్యవస్థ వేరు.

అన్నిటికంటే కింద ‘కితొంగొజి’ అనే వాడ. దాని పైన గ్రామం. పద్దెనిమిదేళ్ళు నిండిన ప్రతి ఒక్కరూ గ్రామ సభ సభ్యులే. మూడు నెలలకోసారి సభ జరగాలి. సభ ఎన్నుకునే గ్రామ కౌన్సిల్‌లో 25 మంది దాకా ఉంటారు, ఎన్నికైన చైర్మన్ ఉంటాడు. ‘మ్తెండాజి’ అనే కార్యదర్శి మాత్రం జీతగాడు, మన పంచాయతీ కార్యదర్శి లాంటివాడు. దాని పైన వార్డు, వార్డు నుంచి ఎన్నికైన దివానీ. దివానీలందరూ కలిసి జిల్లా కౌన్సిల్. అయితే కౌన్సిల్ పాలన నడిపే ఎగ్జిక్యూటివ్ డైరెక్టర్‌నూ, పక్కనే జిల్లా కమిషనర్‌నూ నియమించేది దేశాధ్యక్షుడు. ఒకే జిల్లా కేంద్రంలో ఎన్నికైనవాళ్ళు, నియమితులు పక్కపక్కన కూర్చుంటారు. ఎవరి సంతకంతో ఏది కదులుతుందో తెలుసుకోవడానికే నాకు ఒక సీజన్ పట్టింది.

గ్రామ సభకు ఉన్న ఒక బలం మన దగ్గర అరుదు. 1999 నాటి గ్రామ భూమి చట్టం ప్రకారం ఊరి భూమి నిర్వహణ గ్రామ కౌన్సిల్‌ది, పెద్ద నిర్ణయాలకు సభ ఆమోదం కావాలి. ట్యాంకుకు జాగా కోసం మేం ఏ తహసీల్దారు చుట్టూ తిరగలేదు. ఒక సాయంత్రం సభ చేతులెత్తింది, జాగా వచ్చింది.

బలహీనత డబ్బు దగ్గర. కౌన్సిల్ సొంత ఆదాయంలో ఇక్కడ పెద్ద భాగం పంట మీద సెస్. కొనేవాడు కట్టాలి. 2017లో వాణిజ్య పంటల సెస్‌ను 5 శాతం నుంచి 3 శాతానికి తగ్గించారు. రైతుకు, వ్యాపారికి అది ఊరట, కౌన్సిల్‌కు కోత. లెక్క వేసి చూడండి. ఒక కౌన్సిల్ పరిధిలో 20,000 టన్నులు కిలో 3,000 షిల్లింగులకు అమ్ముడైతే సెస్ 180 కోట్ల షిల్లింగులు. ధర 2,000కు పడితే 120 కోట్లు. ఆసుపత్రి గోడ, బడి కప్పు, కార్యదర్శి ప్రయాణ ఖర్చు అన్నీ వేలం రోజు చదివే ఆ అంకె మీద వేలాడుతున్నాయి. ఆ సొంత ఆదాయంలో 10 శాతం మహిళలకు, యువతకు, వికలాంగులకు 4, 4, 2 చొప్పున వడ్డీ లేని రుణాలుగా ఇవ్వాలని చట్టం.

బాధ్యతలు కూడా మెల్లగా కౌన్సిల్ చేతుల్లోంచి జారాయి. 2017లో గ్రామీణ రోడ్లు తరూరా అనే ఏజెన్సీకి వెళ్ళాయి. 2019లో గ్రామీణ నీటి సరఫరా రువాసా అనే ఏజెన్సీకి వెళ్ళింది. నిపుణులు ఒకచోట ఉంటారన్నది దాని వెనక ఆలోచన, అందులో నిజం ఉంది. కానీ ఊళ్ళో నీళ్ళు రాకపోతే ఆడవాళ్ళు వెళ్ళి అడిగేది దివానీనే. ఆయన చేతిలో ఇప్పుడు ఇంజనీరు లేడు.

2018 సంగతి అక్కడ ఏ సమావేశంలోనైనా వస్తుంది. ఆ ఏడు జూన్‌లో, జీడి ఎగుమతి సుంకంలో పంట అభివృద్ధికి వెళ్ళే 65 శాతం వాటాను కూడా ఖజానాకే మళ్ళించారు. దక్షిణాది ఎంపీలు పార్లమెంటులో గట్టిగా అడ్డుపడ్డారు, ఫలితం లేదు. అక్టోబరులో వేలం ధరలు మూడు వేల లోపే ఆగిపోతే రైతులు అమ్మబోమన్నారు. నవంబరులో అధ్యక్షుడు మగుఫులి ఇద్దరు మంత్రులను తొలగించి, ప్రభుత్వమే కిలో 3,300 షిల్లింగులకు కొంటుందని ప్రకటించి, సైన్యం ట్రక్కులను పంపారు. ధర మంచిదే. కానీ 1,500 కిలోలు దాటినవాళ్ళ తోటలు తనిఖీ చేయాలన్నారు, చెల్లింపులు నెలల తరబడి ఆగాయి. ఒక కెన్యా కంపెనీకి 1,00,000 టన్నులు అమ్మే ఒప్పందం నిలవలేదు. సెస్ కట్టేవాడు కొనుగోలుదారు అయినప్పుడు, ప్రభుత్వమే కొంటే సెస్ ఎవరి దగ్గర అడగాలి? ఆ ఏడాది కౌన్సిల్ బడ్జెట్ ఏమైందో మాకు సాయపడ్డ అకౌంటెంట్ వేళ్ళు మడిచి చెప్పాడు. ఆ టెన్షన్ ఆయన గొంతులో ఇంకా ఉంది.

గోదాము కప్పు

ఊళ్ళో అన్నిటికంటే పెద్ద కప్పు ఆమ్‌కోస్ గోదాముది. 24 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు, ఇనుప రేకులు. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు పడితే ఒక లీటరు. 240 చదరపు మీటర్లు, వెయ్యి మిల్లీమీటర్లు, ఐదో వంతు నష్టం తీసేస్తే 1,92,000 లీటర్లు. ఏటా అన్ని నీళ్ళు కప్పు అంచున పడి ఇసుకలోకి ఇంకిపోతున్నాయి. ఈ లెక్క సభలో చెప్పినప్పుడు మొదటిసారి మగవాళ్ళు కూడా ధర మాట ఆపి విన్నారు.

వెంటనే ఆమ్‌కోస్ చైర్మన్ అడ్డుపడ్డాడు. వానలు మొదలయ్యే డిసెంబరులో గోదాము పిక్కతో నిండి ఉంటుంది. గట్టరు పొంగి గోడ తడిస్తే పిక్కకు చెమ్మ పడుతుంది, గ్రేడు పడిపోతుంది, నష్టం సంఘం మీద పడుతుంది. నేను మొదట దీన్ని మొండితనం అనుకున్నాను. రెండు రోజులు గోదాములో కూర్చుని, చెమ్మ కోసం పిక్కను గోరుతో నొక్కి చూసే గుమాస్తాను గమనించాక, ఆయన చెప్పిందే సరైనదని ఒప్పుకున్నాను. తలుపులు లేని వైపు కప్పు సగం మాత్రమే వాడదాం అన్నాను. 96,000 లీటర్లకు దిగాం. ట్యాంకు 75,000 లీటర్లు చాలనుకున్నాం.

75,000 లీటర్లు అంటే 3,750 డబ్బాలు. ఆరు నెలల ఎండాకాలానికి పంచితే రోజుకు ఇరవై. ఊళ్ళో వందల ఇళ్ళు. ఎవరికి ఇవ్వాలి?

ఆ ప్రశ్న సభ ముందు పెట్టాను. చాలాసేపు గొడవ జరిగింది. చివరికి నలభై ఏళ్ళ ఒకావిడ లేచింది. “కాన్పు నొప్పులు వచ్చి జహనాతికి వెళ్తే, ముందు నీళ్ళు తెచ్చావా అని అడుగుతారు. నా చెల్లెలి కాన్పుకు రెండు డబ్బాలు నేను మోసుకెళ్ళాను. ఒకటి సగం దారిలో ఒలికిపోయింది” అంది. జహనాతి అంటే ఊరి ఆరోగ్య కేంద్రం. అది గోదాముకు దగ్గర్లోనే ఉంది. ఆవిడ మాటల తర్వాత ఎవరూ వాదించలేదు. ట్యాంకు నీళ్ళు మొదట కాన్పు గదికి, మిగిలితే బడి వంటశాలకు అని తీర్మానం రాశారు. ఊరందరికీ నీళ్ళు అన్న పేరుతో వెళ్ళి ఉంటే ఈ పని మొదటి ఎండాకాలంలోనే తగువుల్లో మునిగిపోయేది. దారి చూపింది ఆవిడే, నా ప్రణాళిక కాదు.

మూడు క్యాలెండర్లు

తీర్మానం వార్డుకు, అక్కడి నుంచి కౌన్సిల్‌కు వెళ్ళింది. 2023 జులైలో మొదలయ్యే బడ్జెట్‌లో చేరింది. ఊళ్ళో ఒక మహిళా సంఘం, కౌన్సిల్ ఆదాయంలో ఆ 10 శాతం వాటా నుంచి వడ్డీ లేని రుణం తీసుకుని గట్టర్లు, పంపు బిగించే బాధ్యత తీసుకుంటామంది. 2023 ఏప్రిల్‌లో ఆ రుణాల పథకాన్నే దేశమంతా నిలిపివేశారు. ఆ ఆడవాళ్ళు అప్పటికే ఖాతా తెరిచి, ఫోటోలు దిగి, దరఖాస్తు పెట్టి ఉన్నారు.

జులైలో బడ్జెట్ ఉంది, చేతిలో డబ్బు లేదు. ఎందుకంటే సెస్ వచ్చేది వేలాలు మొదలయ్యాకే, అక్టోబరు నుంచి. పని చేసే ఎండాకాలంలో ఖజానా ఖాళీ. ఖజానా నిండేసరికి వానలు. మాకు డబ్బు విడుదలైంది ఫిబ్రవరిలో. జూన్ 30లోపు ఖర్చు చూపించకపోతే ఆ పద్దు పోతుంది. ఆ భయంతో ఫిబ్రవరి చివర్లో తవ్వకానికి నేనే సరే అన్నాను. ఆ ఏడు ఎల్‌నినో వానలు. మూడు రోజులు ఆగకుండా కురిసి ఇసుక గోడలు కూలి గొయ్యి పూడిపోయింది. పనిలో ఎవరూ లేని వేళ కూలింది కాబట్టి సరిపోయింది. మనిషి ఉండి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ వణుకు వస్తుంది. ఇసుక నేలలో వానాకాలం తవ్వకూడదని ఉద్దానంలో పుట్టినవాడికి ఒకరు చెప్పాలా? కాగితం మీది తేదీ చూసి నేల సంగతి మరిచాను.

ఆ వారం కూలీలతో, ఊరి ఫుండితో, అంటే తాపీ మేస్త్రితో, కూర్చుని నెలలన్నీ నేల మీద గీశాం. ఒక వరసలో వాన, ఒక వరసలో కొరోషో, ఒక వరసలో కౌన్సిల్ డబ్బు. నిండు ఎండాకాలంలో కట్టాలంటే ఇంకో చిక్కు ఉంది. సిమెంటు కలపడానికి, గోడలు తడపడానికి నీళ్ళు కావాలి. నీళ్ళు లేని ఊళ్ళో నీళ్ళ ట్యాంకు కట్టడానికి డబ్బా డబ్బా కొనాలి. మూడు వరసలూ కలిసే చోటు ఒకటే కనిపించింది: మే. వానలు తగ్గుతాయి, గుంటల్లో నీళ్ళు ఇంకా ఉంటాయి, పద్దు ఇంకా బతికే ఉంటుంది. కోత, వేలాలు అయిపోయి మనుషులు ఖాళీ, గంధకం చల్లడం ఇంకా మొదలవదు.

మేస్త్రి చెప్పినట్టే చేశాం. మార్చిలో సిమెంటు, ఇనుము కొన్నాం. మ్ట్వారా దగ్గర 2015 నుంచి పెద్ద సిమెంటు ఫ్యాక్టరీ నడుస్తోంది కాబట్టి సిమెంటుకు ఇబ్బంది లేదు. పిక్క వెళ్ళిపోయి ఖాళీ అయిన గోదాములోనే, పలకల మీద ఎత్తుగా పెట్టాం. తన గోదాములో చెమ్మ గురించి అంత పట్టింపు ఉన్న చైర్మనే తాళం ఇచ్చాడు. ఏప్రిల్ వానలకు ప్లాస్టిక్ పరిచిన రెండు గుంటల్లో నీళ్ళు పట్టాం. పని ‘ఫోర్స్ అకౌంట్’ పద్ధతిలో జరిగింది. కాంట్రాక్టరు లేడు, ఊరి కమిటీయే సరుకు కొని మేస్త్రిని పెట్టుకుంటుంది. తవ్వకం, ఇసుక, కంకర మోత ‘న్గువు జా వనాంచి’, అంటే జనం చేతి సాయం, కింద ఊరిది. గొయ్యి గోడలను ఈసారి ఏటవాలుగా తీశాం. గోడలు లేచాక వాటికి పాత గోనె సంచులు చుట్టి రోజుకు మూడుసార్లు తడిపాం. జీడి బస్తాల గోనె. మా ఊళ్ళో స్లాబుకూ అదే చేస్తాం. పిల్లలు బడి అయ్యాక వచ్చి గోనె తడిపేవాళ్ళు. 2024 జూన్ రెండో వారానికి మూత పడింది.

గంధకం చల్లే నెలల్లో రేకుల మీద పసుపు పొడి పేరుకుంటుంది. తొలి వానలకు అదంతా కడుక్కుని దిగుతుంది. కాబట్టి తొలి నీళ్ళను బయటకు వదిలే పైపు వేరుగా పెట్టాం, అక్టోబరులో ఒకసారి కప్పు ఊడ్చాలని, మొదటి రెండు పెద్ద వానలు ట్యాంకులోకి పోనివ్వకూడదని నియమం రాశాం. ఈ నియమం పాటించడం కష్టం. డిసెంబరులో ఆకాశం వైపు చూసి చూసి ఉన్న మనిషికి, మొదటి వానను నేల మీదికి వదిలేయమని చెప్పడం ఎంత కష్టమో ఆ రోజు అక్కడ నిలబడి చూశాను. మహిళా సంఘం పెద్దావిడ పైపు మూత పట్టుకుని నిలబడింది, ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. ఆ నీళ్ళ రంగు చూశాక అడ్డుకున్న కుర్రాళ్ళే మూత పట్టుకోవడానికి వచ్చారు.

మిగిలిపోయిన పనులు

2024 అక్టోబరు వేలంలో ధర కిలో 4,000 షిల్లింగులు దాటింది. ఊళ్ళో కొత్త రేకులు మెరిశాయి. నవంబరు 27న స్థానిక ఎన్నికలు జరిగి గ్రామ చైర్మన్ మారాడు. పాత చైర్మన్ దగ్గర ట్యాంకు తాళం ఉండేది. కొత్తాయన అడిగితే, తాళం ఊరిది కాదు, కమిటీది అన్నాడు. పదిహేను రోజుల పాటు ఎవరూ కుళాయి తెరవలేదు. చివరికి రెండు తాళాలు వేశారు, ఒకటి ఆరోగ్య కేంద్రం నర్సు దగ్గర, ఒకటి మహిళా సంఘం దగ్గర. చైర్మన్ల దగ్గర ఏదీ లేదు. ఇది మొదటి రోజే చేయవలసిన పని.

ఇంకో చిక్కు తేలలేదు. ట్యాంకు నీటి పథకం అవుతుందా, లేక ఆరోగ్య కేంద్రం భవనంలో భాగమా? నీటి పథకమైతే చట్టప్రకారం నీటి వినియోగదారుల సంఘం నమోదై, దాని కింద నడవాలి. భవనంలో భాగమైతే మరమ్మతు కౌన్సిల్ ఆరోగ్య విభాగం పద్దులోకి వస్తుంది. ఒక ఆఫీసు మాది కాదంది, రెండోది జవాబు ఇవ్వలేదు. గట్టరు విరిగితే ఎవరు బాగుచేయాలో రాసి ఉన్న కాగితం ఇప్పటికీ లేదు.

ఆమ్‌కోస్ చైర్మన్ ఒక మాట ముందుకు తెచ్చాడు. ఊళ్ళో అమ్మే ప్రతి కిలో పిక్క మీద ఒక షిల్లింగు ట్యాంకు మరమ్మతుకు పక్కన పెట్టాలని. సంఘం సర్వసభ్య సమావేశం ఒప్పుకోవాలి. 2025 ఫిబ్రవరిలో నేను చివరిసారి వెళ్ళినప్పుడు దాని మీదే మాట్లాడుకుంటున్నారు. మొదటి రోజు నన్ను ధర అడిగిన బాబు, కిలోకు ఒక షిల్లింగు అంటే తన వంతు ఎంత అవుతుందో వేళ్ళ మీద లెక్క కట్టి, ఇవ్వచ్చు అన్నాడు. పక్కనే ఉన్న ఆయన తమ్ముడు, ధర పడిన ఏడు కూడా ఇవ్వాలా అని అడిగాడు. ఇంకా తేలలేదు. నేను బయల్దేరే రోజు కొలకర్ర వేసి చూస్తే ట్యాంకులో మూడు వంతుల నీళ్ళు ఉన్నాయి. నర్సు పుస్తకంలో జనవరి నెల నుంచి ప్రతి కాన్పు పక్కన ఎన్ని డబ్బాలు వాడారో రాసి ఉంది.